ట్రిప్పు షీటు వెనకవైపు

“ఏడూ నలభై. స్పీడ్ బ్రేకరు. కొంచెం.”

డ్రైవరు వంటింటి గుమ్మంలో నిలబడి చదువుతున్నాడు. చేతిలో జిరాక్సు కాగితం. స్నానం చేయలేదు, యూనిఫాం విప్పలేదు, వచ్చినవాడు వచ్చినట్టే మొదలుపెట్టాడు.

“తొమ్మిదీ అయిదు. దగ్గు. తడి. పదీ యాభై. టెర్మినల్. బాత్రూం తాళం.”

అతని భార్య స్టవ్ దగ్గరనుంచి తిరగలేదు. ఆవిడ కండక్టరు. ఆ కాగితం మీద అక్షరాలు ఆవిడవే. కదిలే బస్సులో రాసినవి కాబట్టి ప్రతి మాటా చివర్లో ఓసారి పైకి ఎగిరిపడింది.

“పదకొండూ ఇరవై. నవ్వు. ఎక్కువ.” అక్కడ ఆగాడు. కాగితం దించాడు. “పదకొండూ ఇరవైకి ఎందుకు నవ్వావు?”

“ఏంటి?”

“అడుగుతున్నాగా. ఎందుకు నవ్వావు?”

“ఒక పెద్దాయన తన గొడుగనుకుని పక్కాయన చేతికర్ర పట్టుకుని దిగిపోయాడు. వాన పడుతోంది. కింద నిలబడి ఆ కర్రని తెరవబోయాడు.”

“అందుకని అంత నవ్వాలా?”

“బస్సంతా నవ్వింది. తడిసింది నేనొక్కదాన్నే.”

హాల్లో కూర్చుని బట్టలు మడతపెడుతున్న అత్తగారు ఒక్క క్షణం చెయ్యి ఆపి మళ్ళీ మడతపెట్టింది. మూడేళ్ళ మనవరాలు మడతపెట్టినవాటిని ఒక్కొక్కటే విప్పుతోంది. ఆ ఇంట్లో ఆ పూట పని సాగుతున్నది ఆ పిల్లకొక్కదానికే.

కాగితం బయటపడటంలో ఎవరి కుట్రా లేదు. ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే ఫిజియో మూడు రోజులు రాసుకు రమ్మంది: ఎప్పుడు నీళ్ళు తాగారు, ఎప్పుడు బాత్రూంకి వెళ్ళారు, ఎప్పుడు మూత్రం కారింది, అప్పుడేం చేస్తున్నారు. పువ్వుల అట్టతో చిన్న నోటుబుక్కు కూడా ఇచ్చింది. పదిహేనేళ్ళుగా బస్సులో ఏం జరిగినా ట్రిప్పు షీటులో రాయడమే తెలిసిన మనిషికి పువ్వుల నోటుబుక్కు సంచీలోంచి తీయబుద్ధి కాలేదు. షీటు వెనకవైపు పెన్సిలుతో రాసుకుంది. దిగేముందు నోటుబుక్కులోకి ఎక్కించి రబ్బరుతో చెరిపేసింది. రెండు రోజులు అలా బాగానే జరిగిపోయింది.

మూడో రోజు బస్సు నలభై నిమిషాలు ఆలస్యం. తర్వాతి కండక్టరు మెట్టు మీదికొచ్చి చెయ్యి చాపాడు. చాపిన చేతిలో సంచీ, షీటు పెట్టేయడం ఆవిడ చేతికి పదిహేనేళ్ళ అలవాటు. చెయ్యి దాని పని అది చేసేసింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగా గుర్తొచ్చింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

డిపోలో షీటు వెనకవైపు రాత ఉందంటే అది ఫిర్యాదు. టైరు పేలిందనో, ప్రయాణికుడు చెయ్యి చేసుకున్నాడనో రాస్తారు. అక్కడి గుమస్తాని అందరూ స్టాంపు అంటారు. చేతికందిన కాగితం మీద స్టాంపు వెయ్యందే అతనికి తిన్నది అరగదు. అతను ఆ షీటు మీద ‘ఫిర్యాదు’ అని స్టాంపు వేసి, నంబరు వేసి, జిరాక్సు తీసి మేనేజరు బల్ల మీద పెట్టాడు. కండక్టరు తన ఒంటి మీద తానే ఫిర్యాదు ఇచ్చుకున్నట్టయింది. ఇంకో జిరాక్సు డ్రైవర్ల విశ్రాంతి గదికి ఎలా నడిచి వెళ్ళిందో ఎవరూ చెప్పరు.

నిన్న మేనేజరు పిలిచాడు. చెడ్డవాడు కాదు. అతనితో వచ్చిన చిక్కే అది, కోప్పడటానికి కూడా ఏమీ మిగల్చడు. ‘మీ అంతట మీరే తేలిక డ్యూటీ అడుగుతూ కాగితం ఇవ్వండమ్మా, స్టోరు గదిలో వేసేస్తాను. లేదంటే మెడికల్ బోర్డుకి పంపాలి. బోర్డు పనికిరారని రాసిందంటే ఇక నా చేతుల్లో ఉండదు. ఎల్లుండి పదింటికల్లా చెప్పండి. అందాకా బస్సెక్కకండి’ అన్నాడు. ఆ ఎల్లుండి ఇప్పుడు రేపయింది.

“కాగితం రాయించుకొచ్చాను,” అన్నాడు డ్రైవరు. జేబులోంచి మడిచిన కవరు తీసి ఫ్రిజ్ మీద పెట్టాడు. “సంతకం పెట్టు, చాలు. నేనే ఇచ్చొస్తా.”

“నేను పెట్టనన్నాను నిన్ననే.”

“స్టోరు గదిలో ఫ్యానుంటుంది. కుర్చీ ఉంటుంది. పక్కనే బాత్రూం ఉంటుంది. జనం కొట్టుకుంటారు ఆ పోస్టుకి.”

“కొట్టుకునేవాళ్ళకి ఇవ్వమను.”

“మొండికెయ్యకు.”

“నా బస్సు నాక్కావాలి అంటే మొండితనమా?” ఈసారి తిరిగింది. “అయిదో నంబరు నాది. పొద్దున్న ఆరుంపావు బస్సులో ఎవరెక్కడ ఎక్కుతారో, ఎవరు రాలేదో నాకు తెలుసు. బడి టీచరమ్మ పరిగెత్తుకొస్తుంటే ఎన్ని సెకన్లు ఆగాలో తెలుసు. ఆ గదిలో కూర్చుని నట్లు, బోల్టులు లెక్కపెట్టాలా?”

“తడుస్తూ నిలబడితే బావుంటుందా?”

ఆవిడ మళ్ళీ స్టవ్ వైపు తిరిగి పోపు గరిట అందుకుంది.

అత్తగారు హాల్లోంచే అందుకుంది. “సంచి తీయించెయ్యమని మూడు నెలల్నుంచి మొత్తుకుంటున్నా. ఒక్క పూట పని. పిల్ల పుట్టేసింది. ఇంకా దాంతో ఏం పని? నా మాట వింటే ఇంతదాకా వచ్చేదా?”

“గర్భసంచి తీస్తే ఇది తగ్గదంట అత్తయ్యా. పెద్ద డాక్టరే చెప్పింది. కొంచెం జారింది, అంతే. కింద కండరం బలహీనమైంది, దానికి వ్యాయామం చెయ్యాలి.”

“మా కాలంలో వ్యాయామాలెక్కడివి? నాకు ముప్పై రెండో ఏట తీసేశారు. నిక్షేపంలా లేనూ?”

నిక్షేపంలా ఉన్న అత్తగారు ముప్పై ఏళ్ళుగా బస్సెక్కలేదు. కొడుకు డ్రైవరు, కోడలు కండక్టరు, ఇద్దరి పేరునా ఉచిత పాసు. అయినా పెళ్ళికైనా చావుకైనా నడిచి వెళ్ళేంత దూరమైతేనే వెళ్తుంది. ‘మా అమ్మకి నా డ్రైవింగంటే భయం’ అని కొడుకు డిపోలో చెప్పి నవ్విస్తుంటాడు.

“అయిదు వారాల్నుంచి గోడకానుకుని ఊపిరి బిగబడుతున్నావు,” అన్నాడు డ్రైవరు. “తగ్గిందా? నిజం చెప్పు.”

నిజం అతని చేతిలోని జిరాక్సులోనే ఉంది.

“రేపు ఎనిమిదింటికి ఫిజియో దగ్గరికెళ్ళాలి. వెళ్ళొచ్చాక మాట్లాడదాం.”

“పదింటికి డిపోలో ఉండాలి.”

“నాకు టైము చెప్పకు. టైము చూసుకునే ఉద్యోగమే నాది.”

పోపు ఘాటు ముక్కుకెక్కింది. దగ్గొచ్చింది. ఆవిడ చటుక్కున రెండు కాళ్ళూ మెలేసుకుని గట్టు పట్టుకుంది. భర్త చూశాడు, అత్తగారు చూసింది. చూసిన వెంటనే ఇద్దరూ వేరే వైపు చూశారు. ఆవిడకు అన్నిటికంటే ఒళ్ళు మండింది అందుకే.

•

ఫిజియో అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. గదిలో ఒక మంచం, తెర, గోడ మీద నడుము ఎముకల బొమ్మ. ఆ అమ్మాయి పువ్వుల నోటుబుక్కు తిరగేసింది. రెండు పేజీలే రాసి ఉన్నాయి.

“మూడో రోజు రాయలేదా అక్కా?”

“రాశాను. డిపోలో ఉంది. నంబరు కూడా వేశారు.”

ఫిజియోకి అర్థం కాలేదు. కండక్టరు జరిగిందంతా చెప్పింది. చెబుతుంటే ఆ అమ్మాయి పెదాలు బిగించుకుంది. నవ్వాపుకుంటోందేమోనని అనుమానంగా చూసింది కండక్టరు. నవ్వు కాదు, కోపం.

“ఇందులో నీళ్ళు పొద్దున్న నాలుగింటికి లేవగానే ఒక గ్లాసు, మళ్ళీ మధ్యాహ్నం రెండింటికి ఒకటి. మధ్యలో?”

“మధ్యలో తాగితే ఎక్కడికెళ్ళను? టెర్మినల్‌లో ఒకటే ఉంది, దానికి తాళం. తాళంచెవి టైమ్‌కీపరు దగ్గర. టైమ్‌కీపరు ఎక్కడుంటాడో దేవుడికి తెలియాలి. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.”

“తాగకపోతే మూత్రం చిక్కబడి ఇంకా మంట, ఇంకా తొందర. అది కూడా ఒక కారణమే. సరే, వ్యాయామం చేస్తున్నారా?”

“రోజుకి మూడు పూటలు. ఒక్క పూట కూడా మానలేదు.”

“మొదటి రోజు లోపల పరీక్ష వద్దన్నారు. నోటితో చెప్పి పంపించాను. ఇవాళ చెయ్యనా? మీరు ఊ అంటేనే.”

మొదటి రోజు సిగ్గుపడి, ‘చెప్పండి చాలు, నేను చేసుకుంటా’ అంది నిజమే. ఇప్పుడు డిపోకంతా తెలిసిన రహస్యానికి సిగ్గేమిటి? ఊ అంది.

తెర వెనక ఫిజియో తొడుగు వేసుకుని, ఒక్కో మాటా ముందే చెప్పి, నెమ్మదిగా చూసింది. “ఇప్పుడు ఇంట్లో చేసినట్టే చెయ్యండి.”

కండక్టరు ఊపిరి బిగబట్టి, ఉన్న బలమంతా పెట్టింది. ముఖం ఎర్రబడింది.

“ఇంకోసారి.”

ఇంకోసారి చేసింది.

“అక్కా, బస్సులో ఎలా నిలబడతారు? లేచి ఒకసారి నిలబడి చూపించండి. ఏమీ పట్టుకోకుండా టికెట్టు కొడుతున్నట్టు.”

ఆవిడ లేచి బట్టలు సర్దుకుని నిలబడింది. కాళ్ళు ఎడంగా పెట్టింది, పొట్ట బిగించింది, ఊపిరి లోపలే ఆపింది. బరువంతా కిందికి దింపింది. అలా నిలబడితే డ్రైవరు ఎంత గట్టిగా బ్రేకు వేసినా పడరు. కొత్తగా వచ్చిన ఆడకండక్టర్లందరికీ నేర్పింది ఆవిడే.

“రోజుకి ఎన్ని గంటలు?”

“ఎనిమిది. ఓవర్ టైమైతే పది.”

ఫిజియో స్టూలు మీద కూర్చుంది. “లోపల అడుగున ఉయ్యాల గుడ్డలాగా ఒక కండరం ఉంటుందని చెప్పాను కదా. దాన్ని పైకి ఎత్తాలి. మీరు ఎత్తడం లేదక్కా, తోస్తున్నారు. బస్సులో పదిహేనేళ్ళుగా తోస్తున్నారు. ఇంట్లో వ్యాయామం అని కూడా అదే చేశారు.”

“అంటే?”

“అంటే అయిదు వారాలూ ఉల్టా చేశారు.”

గోడ మీద నడుము ఎముకల బొమ్మని ఆవిడ చాలాసేపు చూసింది. రోజుకి మూడు పూటలు. అలారం పెట్టుకుని లేచింది. పిల్ల వీపు మీదెక్కి ఆడుతుంటే కూడా లెక్క తప్పలేదు. అత్తగారి సూటిపోటి మాటలు, మొగుడి వెటకారం, అన్నిటినీ ఓర్చుకుని శ్రద్ధగా, నియమంగా, తన గొయ్యి తానే తవ్వుకుంది.

“ముందే ఎందుకు చెప్పలేదమ్మాయ్?” గొంతు లేచింది. “అయిదు వారాలు. నాకు అయిదు వారాలంటే ఏంటో తెలుసా నీకు?”

“మీరు అప్పుడు చూడనివ్వలేదు. నేనూ ఇంకోసారి అడిగుండాల్సింది. తప్పు నాది కూడా.”

ఆ ఒప్పుకోలు ఆవిడ కోపాన్ని దారిలోనే ఆపేసింది. కోపం పోయిన చోట ఏడుపొచ్చింది. ముక్కు చీదితే ఎక్కడ తడుస్తుందోనని మెల్లిగా చీదింది. అది తలచుకుని ఇంకా ఏడ్చింది.

ఫిజియో మంచం చూపించింది. “పడుకోండి. ఊపిరి వదలండి, బిగబట్టొద్దు. వదులుతూ, మూత్రాన్నీ గాలినీ ఒకేసారి ఆపుతున్నట్టు లోపలికి, పైకి. పొట్ట కాదు. పిరుదులు కాదు. లోపల.”

పదిసార్లు చేశాక ఫిజియో, “ఆ, అది. కొంచెం. అదే,” అంది. ఏది అదో ఆవిడకు సరిగ్గా తెలియలేదు.

“బస్సు కుదిపే ముందు ఊపిరి వదిలి ఎత్తాలి. దగ్గొచ్చే ముందు కూడా. లేచేటప్పుడు కూడా. ఇవాళ్టినుంచి పన్నెండు వారాలు. నిలబడి చేసే పని చాలామంది మానకుండానే బాగుపడతారు. మీరు బాగుపడతారని మాటివ్వలేను, కానీ సరిగ్గా చేసి చూడకముందే బస్సు దిగిపోవక్కర్లేదు. నీళ్ళు తాగాలి, రెండు మూడు గంటలకోసారి బాత్రూం ఉండాలి. అవన్నీ డిపోకి రాసిస్తాను.”

“బలం ఎంతుందో కూడా రాస్తావా?”

“రాయాలి. అయిదుకి రెండు.”

“మూడని రాయి.”

“రాయలేనక్కా.”

ఆ ఉత్తరం మడిచి సంచీలో పెట్టుకుని ఆవిడ బయటికొచ్చింది. అయిదుకి రెండు. బళ్ళో కూడా ఎప్పుడూ ఇన్ని తక్కువ రాలేదు.

•

తొమ్మిదింపావుకి ఇల్లు చేరేసరికి పిల్ల బడికి వెళ్ళిపోయింది. డ్రైవరు బల్ల దగ్గర కూర్చున్నాడు. ముందు కవరు, కవరు మీద పెన్ను. అత్తగారు కిటికీ పక్కన ఉంది.

“ఏమంది?”

“మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలంది. ఇన్నాళ్ళూ తప్పుగా చేశానంట.”

డ్రైవరు కుర్చీ వెనక్కి జరిపాడు. “తప్పుగా చేశావా? అయిదు వారాలూ ఏం చేసినట్టు మరి? మేమంతా ఇంట్లో అడుగులో అడుగేసుకుని తిరిగాం, నువ్వు లెక్కపెట్టుకుంటున్నావని.”

“తెలిసి చేశానా?”

“సరే, అయిపోయింది. సంతకం పెట్టు.”

“పన్నెండు వారాల గడువు అడుగుతాను. ఆ అమ్మాయి రాసిచ్చింది. బాత్రూం తాళంచెవి కూడా అడుగుతాను.”

“తాళంచెవి అడుగుతుందట.” తల్లి వైపు చూశాడు, సాక్ష్యానికి. “ఇప్పటికే పరువు బజారున పడింది. ఇంకా తాళంచెవి కోసం అర్జీ పెడుతుందట. అక్కడ నేను తలెత్తుకు తిరగాలా వద్దా?”

“నీ తలకేమైంది?”

“నిన్న రెస్టు రూంలో ఏమన్నారో తెలుసా? మీ ఆవిడ బస్సుకి వైపర్లు లోపల కూడా పెట్టించాలి అన్నారు. పదిమంది నవ్వారు.”

ఆవిడ చాలా నెమ్మదిగా అడిగింది. “నువ్వేమన్నావు?”

“నేనేమంటాను?”

“ఏమీ అనలేదా?”

అతను పెన్ను మూత తీశాడు, పెట్టాడు. “నవ్వేవాళ్ళతో ఏం మాట్లాడతాం?”

పెళ్ళికి ముందు రెండేళ్ళు ఒకే బస్సులో పనిచేశారు ఇద్దరూ. ఒకసారి తాగినవాడెవడో ఆమె చెయ్యి పట్టుకుంటే బస్సాపి వాణ్ణి నడిరోడ్డు మీద దింపేశాడు ఈ మనిషే. ఇప్పుడు పదిమంది నవ్వుతుంటే కూర్చుని విన్నాడు. ఆవిడకు జిరాక్సు వల్ల కలగని బాధ అప్పుడు కలిగింది.

సరిగ్గా ఆ క్షణంలోనే అత్తగారు మళ్ళీ అంది. “అందుకే చెబుతున్నా. సంచి తీయించేసుకో అమ్మాయ్. నాకు తగ్గలా?”

“తగ్గితే బస్సెందుకెక్కరు అత్తయ్యా?”

అనుకుని అన్నమాట కాదు. అత్తగారు స్నానాల గదిలో చీర కింద దాచి ఆరేసే చిన్న మడత గుడ్డల్ని కోడలు కాపురానికొచ్చిన మొదటి వారమే చూసింది. పదేళ్ళుగా అడగలేదు. ఇంటి గుట్టు కదా అనుకుంది. ఇప్పుడు నోరు జారింది.

డ్రైవరు చిన్నగా నవ్వబోయాడు. “అమ్మకి నా డ్రైవింగంటే...”

తల్లి ముఖం చూసి ఆగిపోయాడు.

అత్తగారు లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. కోడలు గోడకానుకుని నిలబడింది. ఎంత పని చేశాను అనుకుంది. గోడ గడియారంలో తొమ్మిదిన్నర దాటింది. మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు చూసుకోలేదు.

తలుపు తెరుచుకుంది. అత్తగారు బయటికెళ్ళే చీర కట్టుకుంది. భుజానికి గుడ్డ సంచీ, దాని లోపల ఇంకో చీర అంచు కనిపిస్తోంది.

“ఒరేయ్, నీకు పదేళ్ళప్పుడు మీ పిన్ని పెళ్ళికి బయల్దేరాం, గుర్తుందా?”

“దారిలో దిగేశాం. నీకు కళ్ళు తిరిగాయన్నావు.”

“కళ్ళు తిరగలేదు. ఆపమని అడిగాను కండక్టర్ని. మూడుసార్లు అడిగాను. స్టేజీ వచ్చినప్పుడే ఆపుతా అన్నాడు. మగవాళ్ళ మధ్య ఇంకెలా చెప్పను? స్టేజీ వచ్చేసరికి సీటు తడిసింది. పక్కావిడ లేచి నిలబడి అందరికీ చూపించింది.” చాలాసార్లు తనలో తాను చెప్పుకున్న విషయంలా ఉంది. “నువ్వు కిటికీ సీటు పోయిందని ఇంటిదాకా ఏడ్చావు. అప్పటికి ఆపరేషనై నాలుగు నెలలు.”

డ్రైవరు పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

“మరి నన్నెందుకు చేయించుకోమన్నారు?” కోడలు అడిగింది. ఆ ప్రశ్నలో కోపం ఉంది, ఉండాల్సినంత.

“ఇంకేం చెప్పను? నాకు తెలిసింది అదొక్కటే. తగ్గలేదని ఒప్పుకుంటే ముప్పై ఏళ్ళూ దేనికి నోరు మూసుకున్నట్టు?” అత్తగారు సంచీ సర్దుకుంది. “ఆ వ్యాయామాల పిల్ల ముసలివాళ్ళని కూడా చూస్తుందా?”

“చూస్తుంది అత్తయ్యా.”

“అయితే నువ్వు ఆ కొట్టుగదిలో కూర్చోవడానికి వీల్లేదు. నేను అడిగినప్పుడు బస్సాపే మనిషి ఒక్కతైనా బస్సులో ఉండాలిగా.”

అంటూ బల్ల మీది కవరు తీసి కొడుకు చేతిలో పెట్టబోయింది. కవరు మూయలేదు. లోపలినుంచి కాగితం జారింది. జారినవి రెండు.

“ఇందులో రెండున్నాయేం?”

“ఇలా ఇవ్వమ్మా,” డ్రైవరు చెయ్యి చాపాడు. కోడలి చెయ్యి ముందు అందుకుంది.

మొదటిది ఖాళీ సంతకం గీతతో కొత్త కాగితం. రెండోదానికి సంతకం ఉంది. ఆవిడ పేరే. గుండ్రంగా, తిన్నగా, గీత మీద బుద్ధిగా కూర్చున్న అక్షరాలు. పక్కన నిన్నటి తేదీతో స్టాంపు. వెనకవైపు తిప్పింది. గుమస్తా చేతి రాత: ‘సంతకం సరిపోలలేదు. ఆవిడ సంతకం తోక పైకి ఎగురుతుంది. ఆవిడనే రమ్మనండి.’

చదవడం అయ్యాక కూడా ఆవిడ దాన్నే చూస్తూ ఉంది. జిరాక్సు తీసి పరువు తీశాడని రెండు రోజులుగా ఆ స్టాంపుగాణ్ణి తిట్టుకుంటోంది. ఈ ఉద్యోగాన్ని నిన్న ఒక రోజు నిలబెట్టింది అతనే. పోగొట్టబోయింది ఇంట్లోవాడు. కంచే చేను మేసింది.

“ఇది ఎవరు పెట్టారు?”

“నీ మంచికే...”

“ఎవరు పెట్టారని అడిగాను.”

“బోర్డుకెళ్తే పూర్తిగా పోతుంది. నీకర్థం కావట్లేదు. నేను భయపడి...”

“పదేళ్ళు కాపురం చేశావు. నా సంతకం ఎలా ఉంటుందో గుమస్తాకి తెలిసినంత కూడా నీకు తెలీదు.”

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు ముంచింది. నిలబడి, గుక్క తిప్పుకోకుండా కాదు, నెమ్మదిగా, మొత్తం తాగింది. డ్యూటీ ఉన్నా లేకపోయినా, ఇల్లు కదిలే ముందు నీళ్ళు తాగి ఎన్నేళ్ళయిందో ఆవిడకు గుర్తులేదు. రెండు కాగితాలూ ఫిజియో ఉత్తరంతో కలిపి సంచీలో పెట్టుకుంది.

“నేను దింపుతాను,” అన్నాడు డ్రైవరు.

“అక్కర్లేదు.”

“అవి ఆయన ముందు పెడితే నా ఉద్యోగం పోతుంది.”

ఆవిడ గుమ్మంలో ఆగింది. అతను అన్నది నిజమే. దొంగ సంతకం గుమస్తా చూసీ చూడనట్టు తిప్పి పంపాడు. మేనేజరు చూస్తే ఊరుకోవడం ఉండదు. తన బస్సు తను దక్కించుకోవాలంటే ఇది చూపించాలా, దాచాలా? ఇది దాస్తే ‘తేలిక డ్యూటీ మీ ఆయనే అడుగుతున్నాడు కదమ్మా’ అంటాడు మేనేజరు. చూపిస్తే ఇంట్లో ఒక్క బస్సే మిగులుతుంది, అదీ మిగిలితే.

“పదండి అత్తయ్యా,” అంది.

స్టాపులో ఎక్కువసేపు ఎదురుచూసే పని లేకపోయింది. తొమ్మిదీ యాభై బస్సు సమయానికే వచ్చింది. ఆ కండక్టరు ఆమెను గుర్తుపట్టాడు. గుర్తుపట్టినట్టు కనబడకూడదని టికెట్టు మిషను మీదికి తల వంచాడు. అత్తగారు మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయింది.

“బాబూ, మధ్యలో ఆపమంటే ఆపుతావా?”

“ఎవరికండీ?”

“నాకు,” అంది అత్తగారు, బస్సంతా వినేలా.

అతను తలెత్తి ముసలావిడని చూశాడు, వెనక నిలబడ్డ కోడల్ని చూశాడు. “ఎక్కండి,” అన్నాడు. అది అవునో కాదో తేలలేదు. రైట్ అన్నాడు.

అత్తగారు తలుపు పక్క సీటులో కూర్చుని రెండు చేతులతో ముందు సీటు కమ్మీ పట్టుకుంది. కోడలు పక్కనే నిలబడింది. డిపోకి మూడు స్టాపులు. సంచీలో మూడు కాగితాలు. వాటిలో రెండు బయటికొస్తాయో, దొంగ సంతకంతో కలిపి మూడూ వస్తాయో ఇంకా తేల్చుకోలేదు. మలుపులో స్పీడ్ బ్రేకరుందని ఆవిడకు తెలుసు. ఊపిరి వదిలింది, లోపలికి, పైకి అనుకుంది.

బస్సు ఎగిరింది. లోపల ఎత్తిందో తోసిందో ఆవిడకే తెలియలేదు.